విశాఖ తీరంలో సముద్రపు నాచు: తినదగిన, వాణిజ్య విలువ గల మొక్కల సంపద

ప్రత్యేక వ్యాసం

విశాఖపట్నం : ఓడరేవుగా, ఉక్కు నగరంగా దేశమంతటికీ పరిచయమైన విశాఖపట్నానికి మరొక సంపద కూడా కలదు. పోటు తగ్గిన వేళ రామకృష్ణా బీచ్ మొదలుకొని భీమునిపట్నం వరకు తీరం వెంబడి నడిచినవారికి రాళ్ళపై పచ్చగా, ఎర్రగా, గోధుమ రంగుగా అల్లుకొని కనిపించే సముద్రపు నాచే ఆ సంపద. సందర్శకులకు అది కాలు జారే పాచి మాత్రమే. ఆహార, ఔషధ, వస్త్ర, ఎరువుల పరిశ్రమలకు అది ముడిసరకు. తీరగ్రామాల మత్స్యకార మహిళలకు అది రేపటి ఉపాధి కాగలదు. అయితే ఈ అవకాశం ఎంతవరకు నిజమైనది, ఎక్కడ సాధ్యమైనది, ఎక్కడ ప్రమాదకరమైనది అన్న విషయాలను ముందుగా తెలుసుకొనవలసిన అవసరం ఉన్నది.

నాచు అనగా ఏమిటి?

సముద్రపు నాచుకు నిజమైన వేరు, కాండం, ఆకు, పువ్వు ఉండవు. రాతిని పట్టుకొని ఉండే అడుగుభాగం ఆధారానికే తప్ప ఆహారాన్ని పీల్చుకొనడానికి కాదు. మొక్క యావత్తూ తన చుట్టూ ఉన్న నీటి నుండే పోషకాలను గ్రహిస్తుంది. నాచు గుణమూ దోషమూ రెండూ ఈ ఒక్క లక్షణంలోనే ఇమిడి ఉన్నవి. నీరు శుభ్రంగా ఉంటే నాచు పోషకాహారమవుతుంది. నీరు కలుషితమైతే ఆ కాలుష్యమే నాచులో పేరుకుంటుంది.

రంగును బట్టి శాస్త్రజ్ఞులు వీటిని ఆకుపచ్చ నాచు, గోధుమ నాచు, ఎర్ర నాచు అని మూడు వర్గాలుగా విభజించారు. పచ్చి నాచులో అత్యధిక భాగం నీరే. ఎండిన తరువాత మిగిలే పదార్థంలో పీచు, ఖనిజ లవణాలు, జాతిని బట్టి మాంసకృత్తులు ఉంటాయి. నాచు నుండి లభించే అగర్, కారజీనన్, ఆల్జినేట్ అనే మూడు జిగురు పదార్థాలకే ప్రపంచ విపణిలో ప్రధానమైన గిరాకీ ఉన్నది.

రాతితీరమే ఆధారం

ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవును చిరకాలంగా 974 కిలోమీటర్లుగా లెక్కిస్తూ వచ్చారు. ఇటీవలి పునర్గణనలో ఇది 1,053 కిలోమీటర్లుగా తేలినది. ఇంత పొడవైన తీరంలో అధిక భాగం ఇసుక నేల, గోదావరి, కృష్ణా డెల్టాల ఒండ్రు నేల. కదిలే ఇసుకపైన, మెత్తటి బురదపైన నాచు నిలవలేదు. దానికి కదలని రాయి కావాలి. తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే ఉత్తరాంధ్ర తీరంలోనే అటువంటి రాయి విస్తారంగా లభిస్తున్నది. డాల్ఫిన్స్ నోస్ కొండ, యారాడ, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం, తెన్నేటి పార్కు దిగువ రాళ్ళు, రుషికొండ, మంగమారిపేట, భీమునిపట్నం ప్రాంతాలు ఈ కారణంగానే నాచుకు నెలవులైనవి.

విశాఖ వద్ద ఆటుపోట్ల మధ్య ఎత్తు తేడా పౌర్ణమి, అమావాస్య రోజులలో కూడా సుమారు ఒకటిన్నర మీటరుకు మించదు. కనుక గుజరాత్ తీరంలో వలె విశాలమైన నాచు మైదానాలు ఇక్కడ ఏర్పడవు. ఉన్న కొద్దిపాటి రాతిపట్టీలోనే అనేక జాతులు అంతస్తులుగా సర్దుకొని జీవిస్తాయి. కెరటాల తాకిడిని తట్టుకొనే కీటోమార్ఫా, పలుచని పచ్చని రేకులవంటి ఉల్వా, పొదలవలె పెరిగే గ్రాసిలేరియా కార్టికేటా, ఇంకా దిగువన గాలిబుడగలతో తేలియాడే సర్గాసం ఇక్కడి ముఖ్య జాతులు. కాలెర్పా, పాడైనా, హిప్నియా జాతులు కూడా ఈ తీరంలో లభిస్తాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం కృషి

విశాఖ నాచుపై శాస్త్రీయ పరిశోధనకు ఆరు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది. 1950 దశకంలో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, వేసవికి ముందు ఈ తీరంలో లోతు నీరు పైకి ఉబికి వచ్చే తీరును అధ్యయనం చేశారు. ఇలా పైకి వచ్చే చల్లని నీటిలో పోషకాలు అధికంగా ఉంటాయి. తీరజలాల ఉత్పాదకతకు ఇది ఒక ముఖ్య కారణం.

అదే విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర విభాగానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ తీరపు నాచు ఏ ఎత్తులో, ఏ ఋతువులో ఎలా పెరుగుతుందో పరిశీలించి 1964లో అంతర్జాతీయ జీవావరణ పత్రికలో ప్రకటించారు. 1970లో ఈ తీరపు జాతుల వివరణను వెలువరించారు. అనంతర కాలంలో అగర్ నిచ్చే ఎర్ర నాచు జాతుల పునరుత్పత్తి, సిద్ధబీజాల విడుదలపై కూడా ఇక్కడ పరిశోధనలు జరిగినవి. ఏ నెలలో మొక్క బీజాలు విడుస్తుందో తెలిసినప్పుడే ఏ నెలలో కోయవచ్చునో, ఏ నెలలో కోయరాదో నిర్ణయించడం సాధ్యమవుతుంది. నేడు సాగును గురించి ఆలోచిస్తున్న అధికారులకు ఈ పరిశోధనలే ప్రాతిపదిక.

ఈ విద్యాసంస్థతో పాటు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థల ప్రాంతీయ కేంద్రాలు విశాఖలోనే ఉండడం మరొక అనుకూలత. సాగు పద్ధతి, శుద్ధి, నీటి నాణ్యత అనే మూడు అంశాలకూ అవసరమైన నైపుణ్యం ఒకే నగరంలో లభిస్తున్నది.

ఏ నాచు దేనికి?

ఉల్వా : పలుచని కూరాకువలె ఉండే ఈ ఆకుపచ్చ నాచును తూర్పు ఆసియా, ఐరోపా దేశాలలో పచ్చిగానూ, పులుసులలోనూ తింటారు. గొట్టాలవంటి ఎంటెరోమార్ఫాను పూర్వం వేరు ప్రజాతిగా భావించేవారు. జన్యు పరీక్షల అనంతరం 2003లో శాస్త్రజ్ఞులు దానిని కూడా ఉల్వాలోనే చేర్చారు.

పోర్ఫైరా : జపాన్ వారు అన్నం ముద్దలకు చుట్టే నోరి ఈ వర్గపు నాచుతోనే తయారవుతుంది. ఈ వర్గపు నాచు విశాఖ రాళ్ళపై కూడా నమోదైనది. సంవత్సరంలో కొంతకాలం మాత్రమే కనిపించి ఆ తరువాత అది ఏమవుతున్నదో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1949లో బ్రిటిష్ శాస్త్రజ్ఞురాలు కాథలీన్ డ్రూ బేకర్, ఆ కాలంలో అది ఆల్చిప్పల పెంకులలో సూక్ష్మరూపంలో జీవిస్తుందని కనుగొన్నారు. అంతవరకు అదృష్టంపై ఆధారపడిన జపాన్ నోరి సాగు ఈ ఒక్క ఆవిష్కరణతో స్థిరమైన పరిశ్రమగా మారినది.

గ్రాసిలేరియా, జెలీడియెల్లా : ఇవి అగర్ నిచ్చే ఎర్ర నాచు జాతులు. మన మార్కెట్లో చైనా గ్రాస్ పేరుతో అమ్మే తెల్లని పదార్థం అగరే. పాలతో చేసే మిఠాయిలలో దీనిని వాడతారు. ఆసుపత్రి ప్రయోగశాలల్లో సూక్ష్మక్రిములను పెంచే పళ్ళాలలో కూడా అగరే ఆధారం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ నుండి అగర్ సరఫరా నిలిచిపోవడంతో భారతదేశంతో సహా పలు దేశాలు తమ సొంత తీరాలలో అగర్ నాచు కోసం అన్వేషణ ప్రారంభించినవి.

హిప్నియా, కప్పాఫైకస్ : వీటి నుండి కారజీనన్ తీస్తారు. ఐస్‌క్రీం గడ్డలు కట్టకుండా, టూత్‌పేస్టు నీరు విడిపోకుండా ఉంచేది ఇదే.

సర్గాసం : గోధుమ రంగు నాచు. దీని నుండి లభించే ఆల్జినేట్‌ను వస్త్రాలపై రంగుల అద్దకానికి, దంతవైద్యంలో పళ్ళ అచ్చులు తీయడానికి, గాయాలకు కట్టే పట్టీలకు ఉపయోగిస్తారు.

వీటితో పాటు నాచు రసం పంటలకు పెరుగుదల ప్రేరకంగా విస్తృతంగా వినియోగమవుతున్నది. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ పచ్చి కప్పాఫైకస్ నుండి రసం తీసి, మిగిలిన పిప్పి నుండి కారజీనన్ పొందే పద్ధతిని రూపొందించినది. ఇఫ్కో వారి సాగరిక రైతులకు పరిచయమైన నాచు ఉత్పత్తి. ఇటువంటి జీవ ప్రేరకాలను కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చినది.

సేకరణ వేరు, సాగు వేరు

ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ గణాంకాల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా నాచు ఉత్పత్తి 3 కోట్ల 78 లక్షల టన్నులు. ఇందులో 3 కోట్ల 65 లక్షల టన్నులు సాగు ద్వారా లభించినదే. చైనా, ఇండోనేషియా దేశాలు అగ్రస్థానంలో ఉన్నవి. ప్రపంచ నాచు పరిశ్రమ రాళ్ళపై సహజంగా పెరిగిన నాచుపై కాక ప్రధానంగా సాగుపైనే ఆధారపడి ఉన్నదని ఈ అంకెలే తెలియజేస్తున్నవి.

విశాఖ విషయంలో ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది. ఇక్కడి రాతిపట్టీ సన్ననిది. నాచు పొదలలో చిన్న చేపలు, రొయ్యపిల్లలు, పీతలు, నత్తలు ఆశ్రయం పొందుతాయి. వేళ్ళతో సహా చెట్టును పెకలించినట్లు నాచును అడుగుభాగంతో సహా గీకివేస్తే మరుసటి ఋతువుకు మొలకెత్తడానికి ఏమీ మిగలదు. అడుగుభాగాన్ని రాతిపైనే వదిలి పై కొమ్మలను మాత్రమే కత్తిరించడం, బీజాలు విడిచే కాలంలో కోత ఆపడం సహజ నాచు సేకరణలో కనీస నియమాలు.

సాగులో దేశానికి అనుభవాన్ని ఇచ్చినది తమిళనాడు. కప్పాఫైకస్‌ను 1980 దశకంలో పరిశోధన కోసం విదేశం నుండి తెచ్చి గుజరాత్ తీరంలో పెంచారు. 2000 తరువాత అది రామనాథపురం తీరంలో వాణిజ్య సాగుగా మారినది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల వెదురు తెప్పకు తాళ్ళు కట్టి, ఆ తాళ్ళకు నాచు ముక్కలను వ్రేలాడదీస్తారు. ఒక తెప్పకు సుమారు 60 కిలోల విత్తనపు నాచు అవసరం. అనుకూల పరిస్థితులలో 45 రోజులకు సుమారు 260 కిలోలు లభిస్తుంది. అందులో 60 కిలోలు తిరిగి నాటగా మిగిలిన 200 కిలోలను ఎండబెడితే దాదాపు 20 కిలోల ఎండు నాచు వస్తుంది. 45 తెప్పలు ఉన్న కుటుంబం రోజుకొక తెప్ప చొప్పున కోసి, ఆనాడే తిరిగి నాటుతూ పోతే నిత్యం పని, నిత్యం రాబడి ఉంటాయి. ఈ పద్ధతిలో మహిళా స్వయం సహాయక సంఘాలు అధిక సంఖ్యలో పాల్గొన్నవి.

అయితే ఆ అనుభవంలో రెండు గుణపాఠాలు కూడా ఉన్నవి. మొదటిది, 2013లో కప్పాఫైకస్ పెద్ద ఎత్తున నశించి, వేలాది కుటుంబాల ఆదాయం దెబ్బతిన్నది. ఒకే విత్తనాన్ని ఏళ్ళ తరబడి ముక్కలు చేసి నాటుతూ పోవడం వలన పైరు బలహీనమవుతుంది. సముద్రం వేడెక్కినప్పుడు తట్టుకొనలేదు. రెండవది, మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి వద్ద ఈ విదేశీ నాచు పగడపు దిబ్బలపైకి వ్యాపించినట్లు 2008లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. కనుక కొత్త తీరానికి ఏ జాతిని తేవాలన్నది కేవలం దిగుబడిని బట్టి నిర్ణయించదగిన విషయం కాదు. విదేశీ నాచు దిగుమతికి కేంద్ర మత్స్య శాఖ 2024లో మార్గదర్శకాలను ప్రకటించినది. విశాఖ రాళ్ళపై సహజంగా ఉన్న ఉల్వా, గ్రాసిలేరియా వంటి స్థానిక జాతులకు ప్రాధాన్యమివ్వడం ఈ దృష్ట్యా శ్రేయస్కరం.

విశాఖ సముద్రం స్వభావం

రామనాథపురం తీరంలో నీరు లోతు తక్కువ, కెరటాల ఉద్ధృతి కూడా తక్కువ. విశాఖ తీరం బంగాళాఖాతానికి నేరుగా ఎదురుగా ఉన్నది. నైరుతి ఋతుపవనాల కాలంలో ఎగసే కెరటాలకు వెదురు తెప్ప నిలవదు. వర్షాకాలం చివర నదుల మంచినీరు తీరం వెంబడి దక్షిణదిశగా ప్రవహించడం వలన అక్టోబరు, నవంబరు నెలల్లో నీటి ఉప్పదనం బాగా తగ్గుతుంది. ఉప్పదనం తగ్గితే కప్పాఫైకస్ వంటి జాతులు కుళ్ళిపోతాయి. అదే కాలంలో తుపానుల భయం కూడా ఉన్నది. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను నగరానికి కలిగించిన నష్టం అందరికీ తెలిసినదే.

కావున ఇక్కడ సాగు ఏడాది పొడవునా కాక, శీతాకాలం నుండి వేసవి వరకు పరిమితంగా జరగవలసి ఉంటుంది. కెరటాలను తట్టుకొనే తాడు పద్ధతి, గొట్టపు వల పద్ధతులు తెప్పకంటె అనుకూలం. ఆశ్రయం గల చిన్న అఖాతాలను ఎంపిక చేయాలి. తుపాను కాలానికి ముందే పైరును కోసి, విత్తనాన్ని ఒడ్డున తొట్లలో భద్రపరిచే ఏర్పాటు ఉండాలి. విత్తన కేంద్రం లేని సాగు ఒక్క తుపానుతో ముగిసిపోతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లపై చేపల వేట నిషేధం అమలులో ఉంటుంది. ఈ కాలంలో ప్రధానమైన ఆదాయం కోల్పోయే కుటుంబాలకు, నాచు సాగుకు అనువైన నెలల చివరి భాగం తోడు కావడం గమనించదగినది. 2007లో దేశంలో తొలి సముద్ర పంజరపు చేపల సాగు విశాఖ తీరంలోనే మొదలైనది. పంజరాల చుట్టూ నాచు పెంచితే చేపల వ్యర్థాలలోని నత్రజని, భాస్వరాలను నాచు గ్రహించి నీటిని శుభ్రపరుస్తుంది. ఈ సమీకృత పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులో ఆచరించి చూపినది.

ఓడరేవు నీటిలో నాచు తినరాదు

విశాఖలో అన్నిటికంటె జాగ్రత్తగా పరిశీలించవలసిన అంశమిది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1970 దశకంలో నిర్మించిన వెలుపలి నౌకాశ్రయం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, గంగవరం ఓడరేవు, చమురు శుద్ధి, ఎరువుల పరిశ్రమలు, నగరపు మురుగునీరు అన్నీ ఈ కొద్ది కిలోమీటర్ల తీరంలోనే ఉన్నవి. నాచు కణాల గోడలలోని జిగురు పదార్థాలకు సీసం, కాడ్మియం, రాగి, జింకు వంటి లోహాలను పట్టి ఉంచే శక్తి ఉన్నది. సర్గాసం వంటి గోధుమ నాచులో ఆర్సెనిక్ కూడా చేరుతుంది. ఈ శక్తి కారణంగానే శాస్త్రజ్ఞులు నాచును నీటి కాలుష్యానికి సూచికగా వాడతారు. పడవల అడుగుభాగానికి పూసే ట్రైబ్యుటైల్ టిన్ రంగులను అంతర్జాతీయ ఒడంబడిక 2008లో నిషేధించినప్పటికీ, పాత నౌకాశ్రయాల బురదలో ఇటువంటి పదార్థాలు చాలాకాలం నిలిచి ఉంటాయి.

ఉల్వా విషయంలో మరొక చిక్కు ఉన్నది. మురుగునీటిలోని నత్రజనితో అది ఏపుగా పెరుగుతుంది. ఎక్కడ నాచు పచ్చగా, దట్టంగా ఉంటే అక్కడే నీరు శుభ్రంగా ఉన్నదని భావించడం పొరపాటు. కాలువలు సముద్రంలో కలిసే చోట పచ్చదనం కాలుష్యానికే గుర్తు కావచ్చు. చూచి, వాసన చూచి, కడిగి ఈ లోహాలను గుర్తించడం గాని తొలగించడం గాని సాధ్యం కాదు. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే మార్గం.

కనుక తినడానికి ఉద్దేశించిన నాచును నౌకాశ్రయానికి, పరిశ్రమల నీరు విడిచే చోట్లకు, నగర కాలువలకు దూరంగా, నీటిని, నాచును క్రమం తప్పక పరీక్షించిన తరువాతనే పెంచాలి. భీమునిపట్నానికి ఉత్తరాన, పూడిమడకకు దక్షిణాన గల తీరగ్రామాలను పరిశీలించేటప్పుడు కూడా ఈ నియమమే వర్తిస్తుంది. శుభ్రమైన నాచులో సైతం అయోడిన్ అధికంగా ఉండవచ్చును గనుక థైరాయిడ్ వ్యాధిగ్రస్తులు వైద్యుల సలహా లేకుండా తినరాదు.

ఇసుకతిన్నెల మొక్కలు, ఉప్పునేల ఆకుకూరలు

తీరసంపద నీటిలోని నాచుతో ముగియదు. కెరటం చేరని ఇసుకపై మొదట మొలిచేది బాలబంద తీగ. మేకగిట్టవంటి ఆకులు, ఊదారంగు పూలు గల ఈ తీగ ఇసుకపై పాకి, కణుపు కణుపుకు వేరు దించి ఇసుకను కట్టి ఉంచుతుంది. గాలికి దొర్లిపోయే ముళ్ళబంతులు గల రావణాసురుని మీసాలు అనే గడ్డి దానికి తోడు. వీటి వెనుక మొగలి పొదలు, సరుగుడు తోటలు, జీడిమామిడి, తాటి చెట్లు వరుసగా కనిపిస్తాయి. పొరుగున ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లాలో మొగలి మగపూల నుండి తీసే అత్తరు వేలాదిమందికి జీవనాధారం.

వెలుపలి నౌకాశ్రయ నిర్మాణం తరువాత తీరం వెంబడి ఉత్తరదిశగా సాగే ఇసుక ప్రవాహానికి అడ్డు ఏర్పడి, రామకృష్ణా బీచ్ కోతకు గురవుతూ వచ్చినది. త్రవ్వి తీసిన ఇసుకను తీరంపై పోస్తున్నప్పటికీ, పోసిన ఇసుకను పట్టి ఉంచే తీగలు, గడ్డి లేకపోతే గాలికి, అలకు అది నిలవదు. బీచ్ సుందరీకరణ పేరుతో ఈ మొక్కలను కలుపుగా భావించి తొలగించడం తగదు. ఇసుకతిన్నెలు, మడ అడవులు, ఉప్పు చిత్తడి నేలలు 2019 తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన ప్రకారం అత్యంత సున్నిత ప్రాంతాల వర్గంలోకి వస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టేది కూడా ఈ ఇసుకలోనే.

ఉప్పునేలల్లో మొలిచే ఇలకూర, వంగరెడ్డి కూర తీరప్రాంత పేదల ఆహారంలో భాగం. ఉడికించి నీరు వార్చి ఉప్పదనం తగ్గించిన తరువాత వీటిని వండుకుంటారు. వంటలో వేరే ఉప్పు అవసరముండదు. నేడు వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఉప్పునీటితో పండించగల పంటల కోసం ఈ జాతి మొక్కలపైనే దృష్టి సారిస్తున్నారు.

ఓడరేవు నిర్మాణానికి పూర్వం మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట విస్తారమైన చిత్తడి నేల ఉండేది. నేడు అక్కడ మిగిలిన మడచెట్లు కొద్దిపాటివి. రాష్ట్రంలో మడ అడవుల విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉన్నది. కాకినాడ సమీపంలోని కోరింగ అభయారణ్యం వీటిలో ప్రసిద్ధమైనది. తుపాను వేళ కెరటాల వేగాన్ని తగ్గించే ఈ చెట్లు చేపపిల్లలకు పుట్టిళ్ళు కూడా. నగర పరిధిలో మిగిలిన కొద్ది మడచెట్లకు విలువ ఈ దృష్టితో కట్టవలసి ఉన్నది.

పథకాలు, బాధ్యతలు

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచు సాగుకు దేశవ్యాప్తంగా 640 కోట్ల రూపాయలు కేటాయించారు. ఒక తెప్పకు 1,500 రూపాయలు, తాడు లేక గొట్టపు వల పద్ధతిలో ఒక యూనిట్‌కు 8,000 రూపాయల వ్యయాన్ని ప్రామాణికంగా నిర్ణయించారు. ఇందులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 60 శాతం సహాయం వర్తించేలా నిబంధనలు రూపొందించారు. అనగా 8,000 రూపాయల యూనిట్‌పై ఒక మత్స్యకార మహిళ భరించవలసిన వాటా 3,200 రూపాయలు.

అయితే సబ్సిడీతో సాగు మొదలవుతుంది కాని నిలబడదు. నాటక ముందే కొనుగోలుదారు ఎవరో, ఏ ధరకు కొంటారో లిఖితపూర్వకంగా నిర్ణయం కావాలి. ఎండబెట్టడానికి ఇసుక అంటని చప్టాలు, నిల్వ గదులు, పరీక్షా సదుపాయం గ్రామానికి అందుబాటులో ఉండాలి. పడవలు తిరిగే దారులకు, వలలు లాగే చోట్లకు అడ్డు రాకుండా సాగు స్థలాన్ని జాలారి, వాడబలిజ పెద్దలతో గ్రామంలోనే చర్చించి గుర్తించాలి. తుపాను నష్టానికి బీమా ఉండాలి.

విశాఖ రాళ్ళపై నాచు ఈ నగరం కంటె, ఈ రేవు కంటె పాతది. అది పెరిగిన నీటి మంచిచెడ్డలను అది దాచుకొనదు. పరీక్షించిన శుభ్రమైన నీటిలో, స్థానిక జాతులతో, తీరగ్రామాల భాగస్వామ్యంతో సాగు చేసినచో విశాఖ పేరు ఉక్కుతో పాటు నాచుకు కూడా ప్రసిద్ధి పొందగలదు. ఆ పని పరీక్షలు లేకుండా తొందరపాటుతో జరిగినచో మొదట నష్టపోయేవారు తెప్పపై నిలబడిన మత్స్యకార మహిళలే. ఈ వాస్తవాన్ని దృష్టిలో ఉంచుకొని సంబంధిత శాఖలు, పరిశోధన సంస్థలు, ఓడరేవు, పారిశ్రామిక వర్గాలు సమన్వయంతో వ్యవహరించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.